డ్యాష్‌బోర్డు గడియారాలు బాగుచేస్తూ బతకవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో సంవత్సరం. ఆగిపోయిన పాత కారు డ్యాష్‌బోర్డు గడియారాన్ని విప్పి, నూనె వేసి నడిపించాడు. రెండు రోజులకు మళ్లీ ఆగింది. అయినా ఇదే తన వృత్తి అంటున్నాడు. ఒప్పుకోమంటారా?

జవాబు: అమ్మా, అది రెండు రోజులకే ఆగడం ఒకందుకు మంచిదే. ఎందుకు ఆగిందో తేల్చే ఓపిక అతనికి ఉందా అన్నది ఇప్పుడు తెలుస్తుంది.

ఆ కాలపు గడియారాల్లో చాలావాటిలో కరెంటు చేసేది స్ప్రింగుకు కీ ఇవ్వడం మాత్రమే. ఒకటి రెండు నిమిషాలకు స్ప్రింగు సడలగానే కరెంటును కలిపే రెండు లోహపు మొనలు (కాంటాక్టు పాయింట్లు) తాకుతాయి. విద్యుదయస్కాంతం ఒక్క ఊపుతో మళ్లీ బిగించి వాటిని విడదీస్తుంది. ఇంజను ఆపి కూర్చుంటే అప్పుడప్పుడూ వినిపించే ‘టక్’ ఆ చప్పుడే. విడిపోయినప్పుడల్లా లేచే సన్నని నిప్పురవ్వకు పాయింట్లు నల్లబడి గుంటలు పడతాయి. మీ అబ్బాయి వేసిన నూనె వాటి మీదికి పాకి ఉంటుందని నా అనుమానం. పాత జిడ్డు కడగకుండా కొత్త నూనె పోయడం ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు.

బ్యాటరీ నీరసిస్తే ఇంకో ముప్పు. అయస్కాంతానికి బలం చాలక పాయింట్లు అతుక్కునే ఉండిపోతాయి, దాని తీగచుట్ట (కాయిల్) కాలిపోతుంది. అందుకే కొన్ని గడియారాల్లో తక్కువ వేడికే కరిగి కరెంటు తెంచేసే టంకం అతుకు పెట్టారు. అది ఊడితే మామూలు టంకంతో అతికించే వాళ్లున్నారు! రక్షణ పోయి, మరోసారి కాయిలే బలవుతుంది.

ఇక ఉపాధి సంగతి. గడియారాలు ఒక్కటే నమ్ముకుంటే కష్టం. స్పీడోమీటరు, పెట్రోలు మీటరు, ఆయిల్ ప్రెషర్ మీటరు కూడా బాగుచేయగలిగితే పాత కార్ల యజమానులు వెతుక్కుంటూ వస్తారు. కాబట్టి డిప్లొమా ఆపనివ్వకండి. సెలవుల్లో చేతిగడియారాలు బాగుచేసే అనుభవజ్ఞుడి దగ్గర కూర్చోబెట్టండి. పాత యంత్రం తీసేసి క్వార్ట్జ్ బిగించడం తేలికే, అడిగే వాళ్లూ ఉంటారు. కానీ నేర్చుకునే దశలో దాని జోలికి పోకపోతేనే చేయి తిరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. 1960ల దాకా చీకట్లో మెరిసే డయళ్లలో చాలావాటికి రేడియం పూత ఉండేది. మెరుపు తగ్గినా రేడియోధార్మికత తగ్గదు. దాన్ని గీకడం, ఆ పొడి పీల్చడం ప్రమాదం. అలాంటి డయల్ ఇంట్లో విప్పనివ్వకండి.

గడియారాన్ని శుభ్రంగా కడిగి, పాయింట్లు సరిచేసి, నెల రోజులు నడిపించమనండి. రోజుకు 86,400 సెకన్లలో ఎన్ని ముందుకు పోయిందో, ఎన్ని వెనకబడిందో రోజూ రాయమనండి. ఆ నోటుపుస్తకం తీసుకుని ఇద్దరూ రండి, శిక్షణ సంగతి అప్పుడు మాట్లాడదాం.