‘మ’ పచ్చ కాదు

ప్రశ్న: నా వయసు 34. మావారు, అత్తగారు, ఆరేళ్ల పాప, నేను ఉంటాం. చిన్నప్పటి నుంచీ నాకు ప్రతి అక్షరానికీ, అంకెకీ, వారానికీ ఒక రంగు కనిపిస్తుంది. ఎనిమిదేళ్లప్పుడు అమ్మ బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని చదువుకుంటూ "‘మ’ పచ్చగా ఉంటుంది కదమ్మా" అన్నాను. అమ్మ తలెత్తకుండానే "‘మ’ పచ్చ కాదు" అంది. మరుక్షణం నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఇలాంటి మాటలు ఇంకెప్పుడూ ఎవరి దగ్గరా అనకు, పిచ్చిదంటారు" అంది. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు, మావారికి కూడా. పోయిన నెల మా పాప లెక్కల పుస్తకంలో ఏడు అంకె ఉన్న ప్రతిచోటా ఊదారంగు క్రేయాన్ రుద్దేసింది. ఎందుకంటే "టీచర్ తప్పు రంగులో రాయించారు" అంది. అది వినగానే ఒళ్లు తెలియని కోపం వచ్చి చెంప మీద కొట్టాను. ఇప్పుడు ఏడు ఏ రంగని అడిగితే నా మొహంలోకి చూసి "నల్లగానే ఉంది" అంటోంది. అమ్మకి చెబితే "నా మాట విని దాని పేరు మార్చాల్సింది" అంది. పాప పుట్టినప్పుడు మేం పెట్టిన పేరు మసకగా ఉందని, మార్చమని అమ్మ చాలా పట్టుబట్టింది లెండి. ఇది జబ్బా? మందులతో పోతుందా? అత్తగారికి తెలియకుండా డాక్టరుకి చూపించడం ఎలా? రేపు పాపకి సంబంధాలు చూసేటప్పుడు ఇది అడ్డమవుతుందా?

జవాబు: నాలుగు ప్రశ్నలకీ ముందే జవాబు చెప్పేస్తాను, వాటికి ఎక్కువసేపు పట్టదు. జబ్బు కాదు. మందులు లేవు, వాటి అవసరమూ లేదు. అలాంటప్పుడు అత్తగారి కళ్లుగప్పి డాక్టరు దగ్గరికి పరిగెత్తే పనీ లేదు. ఇక పెళ్లి సంబంధాలంటారా, ఇంకా ఏడో ఎక్కం కూడా రాని పిల్ల గురించి ఆ మాట నాతో ఎత్తకండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు ఒకచోట ఆగిపోయాను. మీరు 26 ఏళ్లుగా మనసులో పెట్టుకుని తిరుగుతున్న మాటే అది, కానీ మీరు దాన్ని సరిగ్గా విన్నట్టు లేరు. "‘మ’ పచ్చ కాదు" అన్నారు మీ అమ్మగారు. అక్షరానికి రంగుంటుందని కలలో కూడా అనుకోని మనిషి ఆ సమయంలో ఏమంటుంది? "అక్షరానికి రంగేమిటే, నీ మొహం" అంటుంది. నవ్వుతుంది, లేదంటే విసుక్కుంటుంది. పచ్చ కాదు అని దిద్దదు. దిద్దాలంటే అది ఏ రంగో ఆవిడకి తెలిసుండాలి. చేతిలో బట్ట, ధ్యాసంతా మడతల మీద, మీరడగ్గానే నోటికొచ్చిన జవాబు అది. తర్వాత మీ చెయ్యి పట్టుకుని చెప్పిన బెదిరింపంతా ఆ జారిన మాటని వెనక్కి లాక్కోవడానికే అనిపిస్తోంది నాకు.

నమ్మకం కలగకపోతే పాప పేరు సంగతి చూడండి. పేరు నచ్చని పెద్దవాళ్లని చాలామందిని చూశాను. పాతగా ఉందంటారు, నోరు తిరగట్లేదంటారు, గిట్టని చుట్టం పేరంటారు. మసకగా ఉందన్న అమ్మమ్మని ఇప్పుడే వింటున్నాను. ఉత్తరం చదివి ఒట్టేసి చెప్పలేను గానీ, మీకున్నదే మీ అమ్మగారికీ ఉందని, ఆవిడ జీవితమంతా దాన్ని నోట్లోనే నొక్కిపెట్టుకున్నారని నా అంచనా. మీ ఇంట్లో అసలు సమస్య పాప కాదు, ఏడు అంకె అంతకన్నా కాదు. మీరూ మీ అమ్మగారూ ఒక్కసారి కూడా మాట్లాడుకోకపోవడం.

దీన్ని సినస్థీషియా అంటారు. ఒక ఇంద్రియానికి అందినది ఇంకో ఇంద్రియాన్ని కూడా కదిలించడం. కొందరికి అక్షరాలకి రంగు, కొందరికి సంగీతం వింటే రంగులు, ఏ కొద్దిమందికో మాట వింటే నాలుక మీద రుచి, ఇంకొందరికి ఎదుటి మనిషిని ఎవరైనా ముట్టుకోవడం చూస్తే తమనే ముట్టుకున్నట్టు. 1812లోనే జర్మనీలో ఒక వైద్య విద్యార్థి తన పరిశోధన వ్యాసంలో అక్షరాలు, అంకెలు, వారాలు తనకి రంగుల్లో తోస్తాయని రాసుకున్నాడు. 2006లో అచ్చయిన ఒక బ్రిటిష్ అధ్యయనం లెక్క ప్రకారం నూటికి నలుగురికి పైగా ఏదో ఒక రకం ఉంటుంది. అందులో వారాలకి రంగు కనిపించడం బాగా ఎక్కువ. అక్షరాలకీ అంకెలకీ రంగు కనిపించేవాళ్లు నూటికి ఒకరు. మీరు పనిచేసే చోటో, పాప స్కూల్లోనో ఇంకొకరు ఉండే ఉంటారు. వాళ్లూ మీలాగే నోరు మెదపట్లేదు, అంతే.

మెదడులో అక్షరం ఆకారాన్ని పోల్చుకునే భాగమూ, రంగుని గుర్తించే భాగమూ పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య మామూలు కన్నా ఎక్కువ సంబంధం ఉండటం దీనికి కారణమని ఒక బలమైన వాదన. దీన్ని భ్రమతో కలపకండి. పుస్తకంలో సిరా నల్లగా ఉందని మీకు తెలుసు, మీ పాపకీ తెలుసు. ఆ నలుపు కనిపిస్తూనే పక్కన ఇంకో రంగు కూడా తోస్తుంది. ఒకసారి కుదురుకున్న రంగే చాలావరకు నలభై ఏళ్లకీ తోస్తుంది. పరిశోధకులు నిజానిజాలు తేల్చేది కూడా ఇలాగే. ఈరోజు రంగులన్నీ రాయించుకుంటారు, చెప్పాపెట్టకుండా నెలల తర్వాత మళ్లీ అడుగుతారు. కల్పించి చెప్పినవాళ్లు తడబడతారు, వీళ్లు తడబడరు. మీకు సందేహం ఉంటే ఈ పరీక్ష మీకు మీరు పెట్టుకోండి. పాపకి మాత్రం పెట్టకండి. ఆరేడేళ్ల వయసులో కొన్ని అక్షరాలకే రంగు కుదురుకుంటుంది, మిగతావి ఆ తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా కుదురుకుంటాయి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి చెప్పిందని అబద్ధాలకోరు అనేస్తారు మీరు.

డాక్టరు అవసరమైన సందర్భం కూడా చెప్పేస్తాను. ఎప్పుడూ లేనిది పెద్దయ్యాక హఠాత్తుగా మొదలైనా, తలకి దెబ్బ తగిలాకో, ఫిట్స్‌తోనో, కొత్త మందు వేసుకున్నాకో వచ్చినా న్యూరాలజిస్టుని కలవాలి. మీ ఇంటి కథ అది కాదు.

ఇది కుటుంబాల్లో నడుస్తుందని ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1880ల్లోనే గమనించి రాశాడు. తమాషా ఏమిటంటే, ఇంట్లో ఇద్దరికి ఉన్నా రంగులు కలవాలని లేదు. ఒకరికి అక్షరాలకి ఉంటే మరొకరికి సంగీతానికి ఉండొచ్చు. పైగా రంగు విషయంలో వీళ్లతో బేరం కుదరదు. నాకు రాసిన ఉత్తరంలో మీరు ‘పచ్చ’ అని వదిలేశారు. ఆకుపచ్చా, పసుపుపచ్చా? అందులో లేతదా, వాడిపోయినదా? పక్కన కూర్చుని అడిగితే ఖచ్చితమైన ఛాయ చెప్పేవరకు మీరు ఊరుకోరని పందెం కాస్తాను. భయం వల్ల ఇంత చిన్నమాటకి కుదించేశారు. మీ అమ్మగారు పచ్చ కాదన్నది కూడా ఆ పట్టుదల కొద్దీ అన్నదే. తప్పు రంగు వింటే ఊరుకోలేకపోయారు. మీ పాప క్రేయాన్ పట్టుకుని చేసింది కూడా సరిగ్గా అదే. ముగ్గురూ ఒకే మనిషిలా ఉన్నారు, నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి.

రష్యాలో పుట్టిన రచయిత వ్లదీమిర్ నబొకోవ్ ఏడో ఏట అక్షరాల చెక్కముక్కలతో టవర్ కడుతూ, వీటికి వేసిన రంగులన్నీ తప్పని తల్లితో అన్నాడట. మీ పాప అన్న మాటే. ఆ తల్లి చెయ్యెత్తలేదు. ఆవిడకీ అక్షరాలకి రంగులు కనిపిస్తాయి. ఇద్దరూ కూర్చుని పోల్చుకుంటే కొన్ని కలిశాయి కూడా. తర్వాత ఆయన భార్యకీ, కొడుక్కీ కూడా ఈ లక్షణం ఉంది. ఆయన గొప్ప రచయిత అయ్యాడు కాబట్టి మీ పాప కూడా అవుతుందని చెప్పడానికి ఇది ఎత్తలేదు. అలాంటి ఆశలు పిల్ల నెత్తిన పెట్టకండి. ఆ గదిలో ఆ తల్లి అడిగింది, మీ ఇంట్లో ఎవరూ అడగలేదు. అది చెప్పడానికే ఎత్తాను.

భౌతికశాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్న రిచర్డ్ ఫైన్‌మన్‌కి సమీకరణాల్లో అక్షరాలు రంగుల్లో కనిపించేవి. పాఠం చెబుతూ, ఇదంతా విద్యార్థులకి ఎలా కనబడుతోందో అని ఆశ్చర్యపోయేవాడట. అలా ఆశ్చర్యపోవాలంటే ముందు దాని గురించి బెరుకు లేకుండా ఉండాలి. అది మీ దగ్గర లేదు.

ఇప్పుడు ఆ చెంపదెబ్బ. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది పాప ఏడవడం గురించి మీరు ఒక్క ముక్క రాయకపోవడం. "నా మొహంలోకి చూసి నల్లగానే ఉంది అంటోంది" అని మాత్రం రాశారు. ఆ పిల్ల జవాబు పుస్తకంలో వెతకట్లేదు, మీ మొహంలో వెతుక్కుంటోంది. మీరు ఎనిమిదేళ్లప్పుడు నేర్చుకున్న విద్య అది ఆరేళ్లకే నేర్చేసుకుంది. వెళ్లి క్షమాపణ చెప్పండి. పిల్లలకి సారీ చెబితే చులకనైపోతామనే పెద్దరికం మీద నాకు గౌరవం లేదు. కొట్టడం తప్పు అని చెప్పి, "నాక్కూడా ఏడుకి రంగు ఉంది, నీ రంగు కాదు" అనండి చాలు. ఉపన్యాసం వద్దు. రంగు చెప్పమని వెంటపడొద్దు. నమ్మకం కుదిరినరోజు అదే వచ్చి చెబుతుంది, అప్పుడు మీరు వద్దన్నా ఆపదు. టీచరుకి కూడా చిన్నమాట చెప్పి ఉంచండి. తన రంగుకి పొంతన లేని రంగులో అంకెలు కనిపిస్తే ఇలాంటి పిల్లలకి చిరాగ్గా ఉంటుంది, చదవడం కాస్త ఆలస్యం కావచ్చు. పెన్సిల్‌తో ఒకే రంగులో రాస్తే సరిపోతుంది.

మీ ఆయన గురించి ఉత్తరంలో ‘మావారికి కూడా’ అన్న రెండు మాటలే ఉన్నాయి. చెప్పండి. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి బుధవారం ఏ రంగో చెప్పుకోలేకపోతే ఎలా? అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది ఆయనా మీరూ తేల్చుకోండి. నన్నడిగితే, దాచాల్సిన తప్పేదో జరిగినట్టు ఇంట్లో గుసగుసలాడటమే ఆవిడకి అనుమానం తెప్పిస్తుంది.

మళ్లీ అమ్మగారి దగ్గరికి వస్తాను. ఆవిడ మీద మీకు కోపం ఉంది. రాయలేదు గానీ వాక్యాల మధ్య కనబడుతోంది. ఉండనివ్వండి, తప్పేం లేదు. కానీ పిచ్చిదంటారు అన్న మాట ఆవిడకి ఊరికే తట్టి ఉండదు. ఎవరో ఒకప్పుడు ఆవిడనే అని ఉంటారు. పుట్టింట్లోనో, అత్తింట్లోనో. ఆవిడకి మీలాగా ఉత్తరం రాసుకునే చోటు కూడా ఉండి ఉండదు. తల్లి మాట జవదాటకూడదని పెరిగిన తరమే మాది, మీదీ. నేను దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ ఆవిడ మీకు చెప్పింది మీరు దెబ్బ తినకూడదని. అదే మాట కోసం మీ పాప దెబ్బ తింది. ఇంకా ఆ మాటని నిలబెట్టాలని చూడటం ఆవిడ మీద గౌరవం అని నేను అనుకోను.

వెళ్లి నిలదీయకండి. "నీకూ ఉంది కదా, ఎందుకు దాచావు" అని మొదలుపెడితే తలుపు మూసేస్తారు. నాన్నగారి ముందు, చుట్టాల ముందు అసలే వద్దు. ఆవిడ చేతికి ఏదో పని ఉండగా పక్కన కూర్చోండి. బట్టలు మడతపెడుతుంటే మరీ మంచిది, మీరూ రెండు మడతపెట్టండి. అప్పుడు మామూలుగా, ఆ రోజు మీరు అడగాల్సిన మాట అడగండి: "మరి ‘మ’ ఏ రంగమ్మా?"

"ఏమో, నాకేం తెలుసు" అంటే వదిలేయండి. పదిరోజుల తర్వాత ఇంకో అక్షరం అడగండి. జవాబు వచ్చిన రోజున మాత్రం ఏడవకండి, కావలించుకోకండి, ఆవిడ బెదిరిపోతారు. ఆ రంగు మీకు తప్పు అనిపిస్తుంది, అనిపించాలి కూడా. "అది కాదు" అని వాదన వేసుకోండి. పాప అక్కడే ఆడుకుంటూ ఉంటే ఇంకా మంచిది, మీ ఇద్దరిదీ తప్పేనంటుంది.