పెద్దవాళ్లతో డాలస్ దగ్గర క్యాంపింగ్: పార్కు కంటే సైటు ముఖ్యం

అక్టోబరులో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, పిల్లలకి నాలుగేళ్లు, తొమ్మిదేళ్లు, మొదటిసారి టెంటు వేయబోతున్నాం, డాలస్ పక్కనున్న మా ప్లానోకి దగ్గర్లో చెట్లూ లేకూ రెండూ ఉన్న చోటు చెప్పమని మీరు అడిగారు. మేం ఫ్రిస్కోలో ఉంటాం. తెనాలి నుంచి మా అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడు వాళ్లని తీసుకుని రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి అందరం నీరసపడి ఇంటికొచ్చాం. రెండోసారి మామయ్యే "ఇంకో రాత్రి ఉందామా?" అన్నారు. ఆ తేడా తెచ్చింది మేం ఎంచుకున్న సైటే, అంటే పార్కులో టెంటు వేసుకోవడానికి బుక్ చేసుకునే జాగా. కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

మొదటిసారి వెళ్లింది జూన్‌లో. ఫోటోలో నీళ్లకి ఆనుకుని ఉన్న సైటు చూసి ముచ్చటపడి బుక్ చేశాం. తీరా వెళ్తే పడమటి వైపు ఒక్క చెట్టు లేదు. రాత్రి ఎనిమిదిన్నర దాకా ఎండ మొహాన కొట్టింది. చీకటి పడ్డాక నీళ్ల మీంచి గాలి లేచింది, టెంటు మీద కప్పిన గుడ్డ తెల్లవార్లూ పటపటా కొట్టుకుంటూనే ఉంది. బాత్రూమ్ చాలా దూరం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే ఆవిడ పెదాలు ఎండిపోయి ఉంటే ఏమైందని అడిగాను. "రాత్రి నీళ్లు తాగలేదమ్మా, మాటిమాటికీ నిన్నేం లేపుతాను" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా మనసులో ఉంది. పెద్దవాళ్లు ఇబ్బంది పడినా నోరు విప్పి చెప్పరు, మనమే ముందు ఊహించుకోవాలి.

అందుకని బుక్ చేసేటప్పుడు మొదట మ్యాప్‌లో బాత్రూమ్ ఎక్కడుందో చూడండి. దానికి మరీ పక్కనే వద్దు, రాత్రంతా లైటూ తలుపుల చప్పుడూ ఉంటాయి. రెండు మూడు సైట్లు అవతల అయితే సరిగ్గా సరిపోతుంది. నీళ్ల ఒడ్డున ఉన్న వరస వదిలేసి దాని వెనక వరసలో, పడమటి వైపు చెట్లున్నది తీసుకోండి. లేక్ దగ్గరికి రెండు నిమిషాలు నడిస్తే చాలు, నిద్ర మాత్రం నీడలో. నీళ్లూ కరెంటూ ఉన్న సైటే తీసుకోండి, అక్కడ ప్లగ్గు ఉంటుంది. బయట వాడే ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి పట్టుకెళ్తే చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చు, టెంటులోకి ఫ్యాను పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లున్నప్పుడు ఇది విలాసం కాదు, అవసరం.

ఇక ఎక్కడికి అంటే, మీకు నేను చెప్పేది రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్‌లోని ఐల్ డు బోయ్ వైపు. పైలట్ పాయింట్ దగ్గర, మీకు సుమారు గంట ప్రయాణం. మేం రెండోసారి వెళ్లింది అక్కడికే. పోస్ట్ ఓక్ చెట్ల నీడ బాగా ఉంటుంది, క్వెయిల్ రన్, డీర్ రిడ్జ్ అనే లూపుల్లో (సైట్ల వరసల్లో) కరెంటున్న సైట్లున్నాయి, పిల్లలు దిగడానికి ఇసుక ఒడ్డు ఉంది. లైఫ్‌గార్డులు ఉండరు. టెక్సస్‌లో దాదాపు లేక్‌లన్నీ ఆనకట్టలు కట్టగా నిండినవే, కింద నేల ఒకేలా ఉండదు, నాలుగు అడుగులు వేసేసరికి లోతు మారిపోవచ్చు. మీ చిన్నవాడికి లైఫ్ జాకెట్ తప్పనిసరి.

కాళ్లకి నీళ్లలో వేసుకునే బూట్లు కూడా కొనండి. జీబ్రా మసల్స్ అనే చిన్న ఆల్చిప్పలు 2009లో టెక్సోమా లేక్‌లో బయటపడ్డాయి, తర్వాత రే రాబర్ట్స్‌కీ వచ్చాయి. గోరంత ఉంటాయి, చారల చారలుగా ముద్దొస్తాయి, కానీ అంచు బ్లేడులా ఉంటుంది. మా పెద్దది రాయి ఎక్కబోతే అరికాలు తెగింది.

ఇంటి నుంచి రెండు గంటలు డ్రైవ్ చేయగలిగితే టైలర్ స్టేట్ పార్క్ అసలైన అడవి. ఆకాశాన్నంటే పైన్ చెట్లు, మధ్యలో 64 ఎకరాల చిన్న లేక్. 1930లలో సీసీసీ (నిరుద్యోగ యువకులకి పని ఇచ్చిన అమెరికా ప్రభుత్వ పథకం) కుర్రాళ్లు కట్టిన పార్కు అది. మీ అమ్మానాన్నలకి టెంటు వద్దనిపిస్తే అక్కడ స్క్రీన్ షెల్టర్లు దొరుకుతాయి: పైకప్పు ఉంటుంది, చుట్టూ దోమతెర గోడలు, లోపల మడతమంచాలు వేసుకోవచ్చు. డెనిసన్ దగ్గర టెక్సోమా ఒడ్డున ఉన్న ఐజన్‌హవర్ పార్క్ కూడా అందమైనదే, కానీ ఒడ్డంతా ఎత్తయిన రాతి గట్లు. నాలుగేళ్ల పిల్లాడితో నేనైతే వెళ్లను.

స్టేట్ పార్కుల సైట్ల బుకింగ్ ఐదు నెలల ముందే తెరుస్తారు, అక్టోబరు శుక్ర, శనివారాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. అయినా నిరాశపడకండి, జనం కాన్సిల్ చేస్తూనే ఉంటారు, రోజూ పొద్దున ఒకసారి బుకింగ్ వెబ్‌సైటు చూస్తూ ఉండండి. సెలవు పెట్టగలిగితే ఆదివారం రాత్రి బుక్ చేయండి. ఆ సాయంత్రం పార్కంతా ఖాళీ అయిపోతుంది. ఒక్కో సైటులో ఎనిమిది మందికే అనుమతి. రాత్రి పది తర్వాత గట్టిగా మాట్లాడకూడదు.

తిండి విషయంలో మొదటి రాత్రి వంట పెట్టుకోకండి. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే పట్టుకెళ్లండి, ఎందుకంటే టెంటు వేసేసరికే చీకటి పడుతుంది. ఉప్మాకి రవ్వ వేయించి, పోపు కూడా వేసి, చల్లారాక జిప్ కవర్‌లో కట్టేస్తాను. పొద్దున నీళ్లు మరిగించి అందులో పోయడమే, పది నిమిషాల్లో అయిపోతుంది. డికాషన్ ఫ్లాస్కులో తీసుకెళ్లాం. మామయ్య ఆ కాఫీ గ్లాసు పట్టుకుని లేక్ ఒడ్డున ఎండెక్కేదాకా కూర్చున్నారు, వెనక్కి పిలిచినా రాలేదు.

కట్టెలు పార్కులో ఏరకూడదు, ఇంటి నుంచి కూడా మోసుకెళ్లొద్దు, వాటితో పాటు చెట్లని తినే పురుగులు పోతాయి. అక్కడే కొనుక్కోండి. వెళ్లే ముందు రోజు కౌంటీలో బర్న్ బ్యాన్ ఉందేమో చూడండి, ఉంటే మంట వేయడం కుదరదు. గ్యాస్ స్టవ్ ఒకటి ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

టెంటు మీద ఆరుగురికి అని రాసి ఉంటే నలుగురికే అనుకోండి. అమ్మానాన్నలకి నేల మీద పరుపు కాకుండా మడతమంచం వేయండి, కింద నుంచి లేవడమే వాళ్లకి కష్టం. ఒకసారి ఇంటి వెనకో పార్కులోనో టెంటు వేసి చూసుకోండి. సామాన్లే లేకపోతే పార్కుల శాఖ నడిపే టెక్సస్ ఔట్‌డోర్ ఫ్యామిలీ వర్క్‌షాపులో టెంట్లు ఇచ్చి, వేయడం దగ్గరుండి నేర్పిస్తారు.

రాత్రి ఎండుటాకుల్లో ఎవరో నడుస్తున్నట్టు చప్పుడొస్తే కంగారు పడకండి, చాలాసార్లు అది ఆర్మడిల్లో అనే గట్టి పెంకున్న చిన్న జంతువు, పురుగుల కోసం నేల తవ్వుకుంటుంది. రకూన్లతోనే జాగ్రత్త, కూలర్ మూత అవలీలగా తీస్తాయి. తినేవన్నీ పడుకునే ముందు కారులో పెట్టి తాళం వేయండి. మూడేసి ఆకులుగా ఉండే పాయిజన్ ఐవీ తీగని మీ తొమ్మిదేళ్ల పెద్దవాడికి ఫోన్‌లో చూపించి గుర్తుపట్టడం నేర్పండి, అది తగిలితే వారాల తరబడి దురద.

అక్టోబరు మధ్యకి పగలు హాయిగా ఉంటుంది, తెల్లవారుజామున మాత్రం 50 ఫారెన్‌హీట్ దాకా దిగొచ్చు. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి అది గట్టి చలే. ఒక్కొక్కరికీ ఒక దుప్పటి అదనంగా, మంకీ క్యాపులు కూడా పెట్టుకోండి. ఏ తేదీలు దొరికాయో ఇక్కడ రాయండి, సైటు నంబరు చెబితే నీడ ఎటువైపు ఉంటుందో మ్యాప్ చూసి చెబుతాను.