పక్షులకు రింగులు వేసే పనితో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది. సెలవొస్తే చాలు, పులికాట్ అనో నేలపట్టు అనో బయలుదేరుతుంది. వలస పక్షులను పట్టి కాలికి నంబరున్న రింగులు వేసి, రోజూ లెక్కించే పనిలోనే స్థిరపడతానంటోంది. దాని మీద బతకొచ్చా?

జవాబు: బతకొచ్చు. కానీ మన దగ్గర ఇది ఎక్కువగా పరిశోధన ప్రాజెక్టుల్లో భాగంగా ఉండే పని, ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ఆగుతుంది. అందుకే పక్షుల మీద ప్రేమ ఒక్కటే చాలదు, లెక్కలు కూడా రావాలి.

ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, పట్టుకోవడం కూడా. అనుమతి ఉన్న ప్రాజెక్టులో, అనుభవజ్ఞుల పక్కన నిలబడి నేర్చుకోవాలే తప్ప సొంతంగా వల కట్టకూడదు. మన దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. తమిళనాడులోని కోడియక్కరైలో, ఒడిశాలోని చిలికాలో ఆ సంస్థ ఏళ్ల తరబడి రింగులు వేసింది. అక్కడ పక్షులు పట్టే నేర్పు చాలావరకు తరతరాలుగా పక్షులు పట్టే బిహార్ మీర్షికార్ కుటుంబాల నుంచి వచ్చింది. ఆ చేతి నైపుణ్యాన్ని ఏ డిగ్రీ నేర్పదు.

పని ఎంత సున్నితమో మీరూ తెలుసుకోండి. వలను 20-30 నిమిషాలకోసారి చూడాలి. ఆలస్యమైతే పక్షి వేడికో చలికో నీరసించిపోతుంది, వాన పడితే వల మూసేయాల్సిందే. రింగు సైజు కాలి మందాన్ని బట్టి ఉంటుంది. బిగువైతే కాలు పుండవుతుంది. వదులైతే వేళ్ల మీదికి జారుతుంది. రింగు అంచుల మధ్య సందు మిగిలితే దారమో గడ్డిపోచో చిక్కుకుంటుంది. ఆ తర్వాత రెక్క పొడవు, కొవ్వు, బరువు రాసి వదిలేస్తారు. రింగు నంబరులో ఒక్క అంకె తప్పు రాస్తే ఆ పక్షి మళ్లీ దొరికినా ఫలితం ఉండదు, అందుకే ఒకరు చదివితే ఇంకొకరు తిరిగి చదివి సరిచూస్తారు.

లెక్క దగ్గరే చాలామంది తప్పుతారు. నిన్న 20 పక్షులు, ఇవాళ 40 పడ్డాయంటే రెట్టింపయ్యాయనుకుంటాం. నిన్న 5 వలలు, ఇవాళ 10 వలలు, రెండు రోజులూ ఐదేసి గంటలు పెట్టి ఉంటే? వలల సంఖ్యను గంటలతో గుణిస్తే నిన్న 25 వల-గంటలు, ఇవాళ 50. రెండు రోజులూ వల-గంటకు 0.8 పక్షే, ఏమీ పెరగలేదు. రోజువారీ గణనలోనూ దారి, సమయం, నడక వేగం మారకూడదు. పక్షి కనబడని రోజు సున్నా అని రాయాలి. పెద్ద గుంపుల్ని కొత్తవాళ్లు తక్కువగా అంచనా వేస్తారు. ముందు పది పక్షులు ఎంత చోటు పడతాయో కంటికి అలవాటు చేసుకుని, ఆ కొలతతో గుంపంతా కొలవాలి.

చదువుకు డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) మంచివి. అన్నిచోట్లా ఏటా ప్రవేశాలు ఉండవు, నోటిఫికేషన్లు చూస్తుండాలి. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే జువాలజీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ రాయొచ్చు, కానీ అందులో పక్షుల పని ఒక భాగం మాత్రమే.

ఇప్పుడే మొదలుపెట్టమనండి: 8x42 (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. లెన్సున్న) బైనాక్యులర్, ఇంటికి దగ్గర్లో ఒక చెరువు, వారానికో రోజు అదే వేళకు గణన, పక్షుల వివరాలు రాసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో వాలంటీరుగా చేరాలి. గణాంకాలు విశ్లేషించే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ పక్కన నేర్చుకుంటుండాలి. ఏడాది తిరిగేసరికి ఆ చెరువు లెక్కలే ఇంటర్వ్యూలో చూపించడానికి పనికొస్తాయి.