ముందు ఖాళీ డబ్బాలు, తర్వాత ఇత్తడి

ప్రశ్న: మాది కావలి. మామగారు పోయాక, ఉదయగిరి వైపు పల్లెలో ఇల్లు ఖాళీ చేసి అత్తగారిని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆమెతో పాటు ఇత్తడి బిందెలు, గంగాళం, పచ్చళ్ళ జాడీలు, రాచ్చిప్ప, కట్టెడు చెక్క గరిటెలు వచ్చాయి. మాది రెండు గదుల ఫ్లాటు. వంటింటి గట్టు మీద చపాతీ ఒత్తుకునే చోటు కూడా లేదు. ఏదన్నా తీసేద్దామంటే "అట్టా ఎట్టా పారేస్తావమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. పొద్దున్నే ఇద్దరు పిల్లలకు బాక్సులు కట్టేసరికి టెన్షన్‌తో నా తల బద్దలవుతోంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: మీ వైపు నుంచి మొదలుపెట్టండమ్మా. అత్తగారి సామాను జోలికి ఒక నెల వరకూ వెళ్ళకండి. ఈ మాట కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గట్టు కింది అరలు తెరిచి, ప్లాస్టిక్ అంతా నేల మీద పరవండి. ఒంగోల్లో మా ఇంట్లో మొదటిసారి ఈ పని చేసినప్పుడు కర్రీ పాయింట్ డబ్బాలు 19, ఐస్‌క్రీం డబ్బాలు 11, జత దొరకని మూతలు 14 తేలాయి. ఇవి కాక కవర్లో కవరు దూర్చిన మూట ఒకటి. వీటిలో ఒక్కటీ మా అత్తగారు తెచ్చింది కాదు, అన్నీ నేను "పనికొస్తాయిలే" అని కడిగి దాచినవే. పార్సిల్ డబ్బాలు ఒక్కసారి వాడి తీసేయడానికి చేసినవి, వేడి పులుసు పోసి మళ్ళీ మళ్ళీ వాడదగ్గవి కావు. మూత సరిగ్గా పట్టేవి నాలుగు ఉంచుకుని మిగతావి పంపించేయండి. పూత లేచిపోయిన నాన్‌స్టిక్ పెనం, గాస్కెట్ దొరకని పాత కుక్కరు కూడా అదే సంచిలోకి వెళ్ళాలి. సగం చోటు అక్కడే తేలుతుంది.

తర్వాత సర్దడం. రోజూ వాడేవి చెయ్యి చాపితే అందాలి, వారానికోసారి వాడేవి వంగితే అందాలి, పండక్కి వాడేవి అటక మీదికి పోవాలి. కుక్కరు, బియ్యం డబ్బా లాంటి బరువులు కిందే ఉండాలి. పోపుల డబ్బా పొయ్యికి దగ్గరగా పెట్టుకోండి గానీ సరిగ్గా పొయ్యి పైన గూట్లో వద్దు, ఆవిరికి కారం, ధనియాల పొడి గడ్డకడతాయి. బాక్సులు కట్టే చోట రెండు జానల గట్టు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఆ జాగాలో ఎవరేం పెట్టినా వెంటనే తీసేయండి.

సిలిండర్ అర కూడా చూడండి. చాలా ఇళ్ళల్లో అక్కడే పాత పేపర్లు, ఉల్లిపాయల సంచీ, మసిగుడ్డలు కుక్కుతారు. వంటగ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి, లీకైతే కిందనే పేరుకుంటుంది. ఆ అరకు కింది భాగంలో గాలి ఆడే సందులుండాలి, లోపల సిలిండర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. సిలిండర్ పిడి కింద పట్టీల లోపలివైపు 'సి-28' లాంటి గుర్తు ఉంటుంది. 2028 జులై–సెప్టెంబరు లోపు దాన్ని మళ్ళీ పరీక్ష చేయించాలని దానర్థం. రబ్బరు ట్యూబు అయిదేళ్ళకోసారి మార్చాలి. దాని మీద వేసిన తేదీ చూడండి.

ఇక మీ అత్తగారి సామాను. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పెళ్ళయిన కొత్తలో, మా అత్తగారు సింగరాయకొండలో పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఆవిడ వెనకాల వంటిల్లు సర్దేశాను. పాత సామానువాడికి తూకానికి వేసిన వాటిలో ఒక ఇత్తడి చెంబు ఉంది. ఒక పక్క సొట్ట. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టి రాసిన పేరు సగం అరిగిపోయింది. అది ఆవిడ తల్లి పేరని నాకు తెలియదు. ఆవిడ వచ్చి మూడు రోజులు ఆ గూడూ ఈ గూడూ తడుముకున్నారు. నన్ను అడగలేదు. నేనే చెప్పాను. "పోనీలే అమ్మా" అన్నారు. ఆ తర్వాత రాత్రిళ్ళు మంచం పక్కన స్టీలు గ్లాసు పెట్టుకునేవారు.

అందుకని ఒక్కో గిన్నే ఆమె ముందు పెట్టి "ఇందులో ఏం వండేవాళ్ళు అత్తయ్యా?" అని అడగండి. కథ ఉన్నవి, లేనివి ఆవిడే విడదీస్తారు. "ఇది ఊరికే వచ్చిందిలే" అన్నవి ఆమె చేతులతోనే ఆడపడుచుకో, పనమ్మాయికో ఇప్పించండి.

రాచ్చిప్ప అటకెక్కించే వస్తువు కాదు. పప్పుచారు అందులో కాస్తే పొయ్యి కట్టేశాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది. దాన్ని వాడుకలో పెట్టి మీ రెండు స్టీలు గిన్నెలు తీసేయండి. ఉదయగిరి చెక్క గరిటెలు కూడా అంతే, మట్టి చట్టిలో చేపల పులుసుకు వాటికన్నా మంచివి లేవు. రెండు మూడు గట్టు మీద నిలబెట్టండి. కడిగి నీడన ఆరబెట్టి అప్పుడప్పుడూ నూనె రాయకపోతే కార్తీకం ముసుర్లకు బూజు పడతాయి. లోపలి కళాయి పూత పోయిన ఇత్తడిలో మాత్రం చింతపండు పులుసు వండొద్దు, కిలుం పడుతుంది. బిందెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి గంగాళంలో దించితే మొత్తానికి ఒక్క గంగాళం చోటే పడుతుంది. అటక మీదికి ఆవిణ్ణి మాత్రం ఎక్కనివ్వకండి.

ప్రశ్న: వానాకాలం వస్తే కందిపప్పు, బొంబాయి రవ్వ పురుగు పడుతున్నాయి. ఎన్ని డబ్బాలు మార్చినా అంతే. — ఒంగోలు పాఠకురాలు

జవాబు: డబ్బాలు మార్చడం కన్నా సరుకు తగ్గించండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసుర్లు, గాల్లో చెమ్మ. ఆ మూడు నెలలూ నెలకు సరిపడేదానికి మించి కొనొద్దు. పాత పప్పు మీద కొత్త పప్పు పోయకండి, డబ్బా ఖాళీ చేసి తుడిచి ఎండబెట్టాకే పోయండి. రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక మూత పెట్టండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మే పట్టేది. ఫ్రిజ్‌లో చోటుంటే పప్పును నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. బియ్యాన్ని మాత్రం ఎండలో పోయకండి, గింజ విరిగి నూకలవుతుంది. నీడన పరిచి జల్లించి, మధ్యమధ్యలో ఎండుమిరపకాయలు వేస్తే చాలు.