బుజ్జమ్మకు, ఇంప్లాంట్ జాయింట్ గురించి

బుజ్జమ్మా,

వచ్చే నెల నుంచి క్లినిక్‌లో ఇంప్లాంట్లు నువ్వే పెడతావట, మీ నాన్న ఫోన్ చేశాడు. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. స్కాన్, ఎముక, స్టెరిలైజేషన్ చదువుకున్నావు, అవి మళ్లీ చెప్పను. నా బెంగంతా ఎముకలో దించే ఇంప్లాంటుకీ, దాని మీద నిలిచి పన్నును మోసే అబట్‌మెంటుకీ మధ్య ఉండే జాయింట్ గురించే.

చవగ్గా వస్తోందని ఒంటి మోలార్‌కి, అంటే నమిలే దవడ పన్నుకి, ఎక్స్‌టర్నల్ హెక్స్ (నెత్తిన ఆరు పలకల గుబ్బ ఉండే రకం) తెప్పించకు. ఇంప్లాంట్లకు ఆద్యుడైన బ్రానెమార్క్ చేసిన ఇంప్లాంటు మీది ఆ హెక్స్ ఎత్తు 0.7 మిల్లీమీటర్లే. ఇంప్లాంటును ఎముకలోకి తిప్పి దించడానికి పెట్టిందది. పైన పళ్లన్నీ కలిపి ఒకే బ్రిడ్జి కట్టేవాళ్లు కాబట్టి అప్పట్లో సరిపోయింది. ఒంటి పన్నుకి పక్కనుంచి ఒత్తిడి పడితే భారమంతా అబట్‌మెంట్‌ను పట్టి ఉంచే స్క్రూ మీదే. కోనికల్ (శంకువు ఆకారపు) జాయింట్‌లో అబట్‌మెంట్ ఇంప్లాంట్ లోపలి గోడలకు బిగుసుకుంటుంది, వంచే బలాన్ని ఆ గోడలే మోస్తాయి. సన్నటి ఇంప్లాంట్‌లో మాత్రం గోడ పలచబడుతుంది, చీలే ప్రమాదముంది. మోలార్ చోట సన్నటిది వద్దు.

ఇక అసలు సంగతి. రెంచ్ 'టక్' మనగానే పనైపోయిందనుకుని క్రౌన్ (పంటి తొడుగు) మూసేస్తారు, చెయ్యి తిరిగినవాళ్లు కూడా. స్క్రూ బిగిస్తే వెంట్రుకవాసి సాగుతుంది. మళ్లీ ముడుచుకోవాలని చూసే ఆ లాగుడే, అంటే ప్రీలోడే, రెండు ముక్కల్నీ అదిమి పట్టేది. నువ్వు పెట్టిన టార్క్‌లో, అంటే తిప్పే బలంలో, దాదాపు పదో వంతే ప్రీలోడ్ అవుతుంది, మిగతాది ఘర్షణకే పోతుంది. ఆ దక్కినదాంట్లోనూ, స్క్రూ చుట్ల మీది గరుకు నలిగి చదునయ్యే కొద్దీ, 2 నుంచి 10 శాతం జారిపోతుంది. అందుకే కంపెనీ 35 న్యూటన్ సెంటీమీటర్లంటే సరిగ్గా 35కి బిగించు, పది నిమిషాలు ఆగు, మళ్లీ 35కే బిగించు. బయట పేషెంట్లు కూర్చున్నారని ఆ పది నిమిషాలూ మిగుల్చుకున్నావని తెలిస్తే ఊరుకోను. ల్యాబ్‌లో వాడి అరిగిన స్క్రూ నోట్లో పెట్టకు, ఫైనల్‌కి కొత్తది తియ్యి. అబట్‌మెంట్, స్క్రూ రెండూ ఆ ఇంప్లాంట్ కంపెనీవే అయ్యుండాలి.

కోనికల్‌లో ఇంకో మెలిక ఉంది. చేత్తో బిగించినప్పటి కంటే పూర్తి టార్క్‌కి అబట్‌మెంట్ ఇంకాస్త కిందికి దిగుతుంది. బైట్, అంటే పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు, తుది సవరణ ఆ తర్వాతే చెయ్యి. ఆర్‌వీజీ (డిజిటల్ పంటి ఎక్స్‌రే) కిరణం ఇంప్లాంట్ నిలువుకి సరిగ్గా అడ్డంగా పడేలా తియ్యి, వాలుగా తీస్తే జాయింట్‌లో సందు కనబడదు. స్క్రూ రంధ్రంలో టెఫ్లాన్ టేప్, పైన కాంపోజిట్.

"పన్ను కదులుతోంది డాక్టరమ్మా" అని ఎవరైనా వస్తే కంగారుపడకు తల్లీ. ముందు ఎక్స్‌రేలో ఎముక చూడు. అది బాగుంటే చాలాసార్లు వదులైంది స్క్రూనే. ఊరికే బిగించి పంపకు: బైట్ ఎక్కడ గట్టిగా తగులుతోందో వెతుకు, స్క్రూ మార్చు.

మొదటి మోలార్ ఆర్‌వీజీ నాకు వాట్సాప్‌లో పెట్టు, రెండోసారి బిగించాక తీసింది.

మీ పెదనాన్న