ఆదివారం కలంకారీ క్లాసుకి వెళ్ళు

రాజమహేంద్రవరం

అమ్మాయీ,

ఉత్తరం నిండా 'మేడమ్' అని రాశావు. పిన్నీ అను, చాలు. నువ్వు పంపిన రెండు కథలూ చదివాను. వాటి సంగతి తర్వాత. ముందు నువ్వు చివర్లో మొహమాటంగా అడిగిన దానికి జవాబు చెప్తాను. కలంకారీ క్లాసులో చేరాలనుంది గానీ, రాసుకోవడానికి దొరికే ఒక్క ఆదివారమూ దానికే పోతుందని భయమన్నావు. పోనీ. ఆరు నెలలుగా ఆ ఆదివారాలు ఏమయ్యాయో నువ్వే రాశావు కదా, లాప్‌టాప్ ముందు కూర్చుని టెన్షన్ పడటం తప్ప.

అయితే చేరేముందు అది ఏ కలంకారీయో కనుక్కో. పెడన వాళ్ళది చెక్క అచ్చుల పని, కాళహస్తి వాళ్ళది కలం పని. రెండూ గొప్పవే. కానీ నీకు కలం పనే మంచిది. ఎందుకో నా అనుభవం చెప్తే నీకే తెలుస్తుంది.

యాభై దాటాక పది రోజులు శ్రీకాళహస్తిలో ఉండి నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే పెద్దమాటే, ప్రయత్నించాను. మొదటి రెండు రోజులూ కలం నా చేతికివ్వనే లేదు. గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచడం, పిండటం, ఎండలో ఆరేయడం, ఇదే పని. పాలెందుకని అడిగితే, "పాలు పట్టకపోతే గీత పక్కకి పాకేస్తాదమ్మా" అన్నాడు నేర్పే పెద్దాయన. పాలలోని వెన్నే రంగుని పాకకుండా ఆపుతుందట. ఇంటికొచ్చాక కూడా నా చేతుల్ని ఆ పులిసిన పాల వాసన వదల్లేదు.

మూడోరోజు కలం ఇచ్చారు. వెదురుపుల్ల, దాని మొనకి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించిన పొట్ట. దాన్ని కసిమిలో ముంచుతారు. తుప్పు పట్టిన ఇనుమునీ బెల్లాన్నీ నీళ్ళలో వారాల తరబడి ఊరబెడితే వచ్చే ద్రవమే కసిమి. గిన్నెలో పల్చటి డికాక్షన్‌లా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డమీద పడిందా, నల్లబడుతుంది. కరక్కాయ వగరు ఇనుముతో కలిస్తే పుట్టే నలుపది. ఇక చెరిపేది లేదు. ఉన్నిని వేళ్ళతో ఎంత నొక్కితే ఎంత దిగుతుందో ఎవరూ నోటితో చెప్పలేరు. నేను నెమలి మెడ గీస్తూ గట్టిగా నొక్కేశాను. పెసరగింజంత చుక్క పడాల్సిన చోట చింతగింజంత మచ్చ పడింది. పెద్దాయన ఏమీ అనకుండా దాని చుట్టూ నాలుగు రేకులు గీసి, పువ్వు చేసి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేనేదో నీతి చెప్తానని చూస్తున్నావేమో. ఆ పువ్వు బాగాలేదు. నెమలి మెడమీద పువ్వేమిటి?

నాకు దక్కింది వేరే. ఆ తర్వాత మూడేళ్ళకి ఒక కథ రాస్తున్నాను. మామగారు పోయారన్న కబురు విన్న కోడలు ఏం చేస్తుందో తోచక నెలరోజులు ఆగిపోయాను. ఏడిపించి చూశాను, గుమ్మంలో నిలబెట్టి చూశాను. అన్నీ అబద్ధంలా ఉన్నాయి. చివరికి ఆమె చేతికో తడిగుడ్డ ఇచ్చాను. పిండటం మొదలుపెట్టింది. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది. కథ కదిలింది. అందులో కలంకారీ అన్న మాటే లేదు. నువ్వు కూడా క్లాసు కాగానే కలంకారీ మీద కథ రాసెయ్యకు. ఓ రెండేళ్ళు ఆగు.

హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తావు, తెలుసు. గంట కొట్టే గడియారం దగ్గర జనంతో తోసుకోకు. ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడు. అందులో ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో అంతవరకే రాసుకో, నీ అభిప్రాయాలు వద్దు. మా ఊరొస్తే చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాలకి నేనే తీసుకెళ్తాను. ఆయన 1925లో పోయారు, ఇరవైఏడేళ్ళకే. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సహించిన కుర్రాళ్ళలో ఆయనా ఉన్నారు, అడివి బాపిరాజూ ఉన్నారు. బాపిరాజు కుంచె, కలం రెండూ పట్టారు. ఆయన వచనంలో ఆ రంగులు నాకు కాస్త ఎక్కువే అనిపిస్తాయి, అది వేరే సంగతి.

చేర్యాల కూడా నీకు దూరమేం కాదు. అక్కడి నకాశీ వాళ్ళు ఎర్రటి నేపథ్యంమీద వరసలు వరసలుగా కథని పటంలో గీస్తారు. చెప్పేది మాత్రం వాళ్ళు కాదు. కాకిపడగల వాళ్ళు, డక్కలి వాళ్ళు, ఇలా ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పాడతారు. పటంలోనే అంతా ఉంటే పాడేవాడికి పనేముంది? నీ మొదటి కథలో పటమూ నువ్వే గీశావు, పాటా నువ్వే పాడేశావు. చదివేవాడికి ఏం మిగల్లేదు. చివరి పేజీ తీసేసి మళ్ళీ చదువు.

పండక్కి ఊరెళ్ళినప్పుడు గుడి పక్కన పసుపు పూసిన రాయి ఏదైనా ఉంటే దగ్గరగా చూడు. అమ్మవారని మొక్కే రాయి ఒక్కోసారి పాతకాలపు వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, అయి ఉంటుంది. వెలుతురు ఏటవాలుగా పడే వేళ, పసుపు కింద కత్తి పట్టిన మనిషి కనిపిస్తాడు. పూజారినే కాదు, రోజూ అక్కడ ముగ్గేసే ఆవిడని కూడా అడుగు.

ఇక నీ రెండో కథ. నాయిక మూడుచోట్ల 'శూన్యంలోకి చూసింది'. మూడింటికీ ఎర్ర ఇంకుతో గీత పెట్టి తిరిగి పంపుతున్నాను. చేతిలో పనిలేని మనిషే అమ్మా శూన్యంలోకి చూసేది. ఆవిడ వంటింట్లో ఉంది, పొద్దున ఏడున్నర, పిల్లాడికి స్కూలుంది. ఆ చేతులు ఏం చేస్తున్నాయో చూసి నాకు మళ్ళీ రాయి.

క్లాసుకి పాత చుడీదార్ వేసుకెళ్ళు. కసిమి మరక ఎంత ఉతికినా పోదు.

ఆశీస్సులతో,
పిన్ని