హిగ్గిన్‌బోథమ్ ఇంటిపేరు మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

మద్రాసు మౌంట్ రోడ్డులోని హిగ్గిన్‌బోథమ్స్ పుస్తకాల షాపు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. షాపు గురించి రాసిన భాగం జోలికి నేను పోను, బాగుంది. ఆ ఇంటిపేరు మీద రాసిన మొదటి రెండు పేజీలు మాత్రం మళ్ళీ రాయాల్సిందే. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

“హిగ్గిన్ అనే పెద్దమనిషి సంతతివాళ్ళే హిగ్గిన్‌బోథమ్‌లు” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పైకి చూస్తే అలాగే ఉంటుంది మరి. ఇంటిపేర్ల మీద రాసేవాళ్ళు మొట్టమొదట కాలుజారేది అక్కడే. చెవికి ఏది వినబడితే అదే అర్థమనుకుంటారు. ఈ పేరు మనిషిది కాదు, చోటుది. ఇంగ్లండ్ వాయవ్యాన పాత లాంకషైర్‌లో బోల్టన్ పక్కన ఓకెన్‌బాటమ్ అని ఒక చోటుంది. పట్నం పెరిగి దాన్ని కలిపేసుకుంది గానీ పేరు ఇంకా బతికే ఉంది. పాత ఇంగ్లీషులో ‘బోటమ్’ అంటే లోయ అడుగున పరుచుకున్న నేల, మన మాటలో పల్లం. ముందున్న ముక్క ఓక్ చెట్లకు సంబంధించింది. అంటే ఓక్ చెట్ల పల్లం. ఆ పల్లం విడిచి పక్క ఊళ్ళో కాపురం పెట్టినవాణ్ణి ఆ ఊరివాళ్ళు పల్లం పేరుతో పిలిచారు, పిల్లలకూ అదే నిలిచింది. మన ఇళ్ళల్లో కూడా ఎన్ని ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లో నీకు తెలియనిది కాదు.

మరి ‘ఓకెన్’ కాస్తా ‘హిగ్గిన్’ ఎలా అయింది? నీ వ్యాసంలో అసలు రుచి ఇక్కడుంది, నువ్వేమో దాటేశావు. మధ్యయుగంలో ఇంగ్లండ్‌లో రిచర్డ్ అనే పేరు ఎక్కువ. ముద్దుగా రిక్ అన్నారు, దానికి ప్రాసగా డిక్ అన్నారు, హిక్ అన్నారు. రాబర్ట్ హాబ్ అయ్యాడు, రోజర్ హాడ్జ్ అయ్యాడు. ఫ్రాన్సు నుంచి వచ్చి ఏలిన నార్మన్ దొరలు పలికే ‘ర’ అక్కడి జనం నోటికి సరిగ్గా తిరగక అలా ‘హ’ అయిందని ఒక మాట ఉంది. ఆ హిక్‌కి చిన్న తోక తగిలిస్తే హిగ్గిన్. హిగ్గిన్స్, హిగ్గిన్సన్, హిక్సన్ అనే ఇంటిపేర్లన్నీ ఆ రిచర్డ్ ముద్దుపేరు నుంచి పుట్టినవే. ఓకెన్‌బాటమ్ ఎక్కడో తెలియని జనానికి ఆ పేరు వినబడితే, తమకు బాగా అలవాటైన హిగ్గిన్‌ని అందులోకి తెచ్చుకున్నారు. ఇలా కాదు, మొదటి ముక్క రోవన్ చెట్టుకు లాంకషైర్ వైపు మాండలికంలో ఉన్న పేరని చెప్పే పండితులూ ఉన్నారు. నువ్వు రెండూ రాయి. ఏది నీకు సబబనిపించిందో ఒక వాక్యంలో చెప్పు, రెండోదాన్ని మాత్రం దాచకు.

ఇంకో సంగతి. ఈ పేరును ఒంటరిగా నిలబెట్టావు. దాని చుట్టపక్కాలను కూడా పిలువు. రామ్స్‌బాటమ్ అదే ప్రాంతంలో ఒక ఊరు. అది అడవి వెల్లుల్లి పల్లమని కొందరు, పొట్టేళ్ళ పల్లమని కొందరు అంటారు. షఫుల్‌బోథమ్ గొర్రెలను కడిగే వాగు ఉన్న పల్లం. రోబోథమ్ మిట్టపల్లాల గరుకు నేల. సైడ్‌బాటమ్‌లో ‘సైడ్’కు అర్థం పక్క కాదు, వెడల్పు. క్రికెట్ చూసేవాళ్ళకి అర్నీ సైడ్‌బాటమ్, అతని కొడుకు ర్యాన్ గుర్తుంటారు. 1981 యాషెస్‌లో ఆస్ట్రేలియాను హడలెత్తించిన ఇయాన్ బోథమ్ పేరులో ముందు ముక్క కూడా లేదు, ఉత్త పల్లమే. ఇన్ని పల్లాలు ఒక్క మూలనే ఎందుకున్నాయంటే నేల అలాంటిది. పెన్నైన్ కొండల పడమటి వాలు నిండా వాగులు కోసిన ఇరుకు లోయలే. ప్రతి లోయకీ ఒక పేరు కావాల్సి వచ్చింది. తర్వాత ఆ వాగుల నీటి బలం మీదే నూలు మిల్లులు వెలిశాయి. చుట్టూ ఇంత ఉన్నప్పుడు పాఠకుడికి కొండ చూపించకుండా నిఘంటువు చూపిస్తే ఎలా?

‘బాటమ్’ అంటే పిరుదులని అర్థం ఉంది కాబట్టి సిగ్గుపడి ‘బోథమ్’గా మార్చుకున్నారని నవ్వుతూ రాశావు. నవ్వు బాగానే ఉంది గానీ సగమే నిజం. ఆ అర్థం 18వ శతాబ్దం చివర్లో వచ్చింది. ‘బోథమ్’ పలుకుబడి అంతకంటే చాలా పాతది, పాత ఇంగ్లీషులోనే ఆ మాటకు రెండు రూపాలున్నాయి. తర్వాతి కాలంలో కొన్ని కుటుంబాలు గౌరవంగా ఉంటుందని బోథమ్ రాతనే పట్టుకుని ఉండవచ్చు. అంతవరకే రాయి.

ఇక ‘ఈ పేరు ఎంతమందికి ఉంది’ అన్న భాగం. ఎక్కడో దొరికిన ర్యాంకు ఒకటి తెచ్చి అతికించావు. ఏ దేశంలో, ఏ ఏడు, ఏ స్పెల్లింగుతో? హిగ్గిన్‌బోథమ్, హిగ్గిన్‌బాటమ్, హెగిన్‌బోథమ్, హికిన్‌బాటమ్, ఇవన్నీ ఒక్క చెట్టు కొమ్మలే. లెక్కల్లో మాత్రం వేటికవే వేరు, అందుకే పేరు ఉన్నదానికంటే అరుదుగా కనబడుతుంది. స్టాక్‌పోర్ట్ పట్టణ చరిత్రను 19వ శతాబ్దంలో రాసిన హెన్రీ కూడా ఈ ఇంటివాడే, కాకపోతే హెగిన్‌బోథమ్ అని రాసుకున్నాడు. కమ్మరి లేని ఊరు లేదు కాబట్టి స్మిత్ (కమ్మరి) అనే పేరు ఇంగ్లండ్‌లో వంద చోట్ల వేరువేరుగా పుట్టింది. ఓకెన్‌బాటమ్ ఒక్కటే. అందుకే ఈ పేరు శతాబ్దాలపాటు బోల్టన్, మాంచెస్టర్, స్టాక్‌పోర్ట్ చుట్టుపక్కలే తిరిగింది. ర్యాంకు తీసేసి ఈ కారణం రాయి.

సముద్రం దాటాక కథ మారుతుంది. 18వ శతాబ్దానికే అమెరికాలోని వర్జీనియాలో హిగ్గిన్‌బోథమ్‌లు ఉన్నారు. 1928లో ట్రెంటన్‌లో పుట్టిన నల్లజాతి న్యాయమూర్తి ఎ. లియాన్ హిగ్గిన్‌బోథమ్ ఫెడరల్ అప్పీలు కోర్టుకు చీఫ్ జడ్జి అయ్యారు, 1995లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. ఆయన్ని నువ్వు ‘లాంకషైర్ వంశాంకురం’ అన్నావు! అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళలో కొందరికి యజమాని ఇంటిపేరే మిగిలింది, కొందరు తామే ఒక పేరు ఎంచుకున్నారు. ఒక కుటుంబానికి పేరు ఎలా వచ్చిందో ఆ కుటుంబం కాగితాలు చూడకుండా చెప్పకూడదు. పేరు కలిసినంత మాత్రాన రక్తం కలవదు. ఆ వాక్యం పూర్తిగా కొట్టెయ్.

డబ్బు తీసుకుని ‘ఇదే మీ ఇంటిపేరు వంశచిహ్నం’ అని అమ్మేవాళ్ళ బొమ్మ కూడా పెట్టావు. ఇంగ్లండ్‌లో అలాంటి చిహ్నాలు ఇచ్చే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ 1484 నుంచి ఉంది. అది చిహ్నాన్ని ఒక మనిషికి, అతని వారసులకి ఇస్తుందే గానీ ఇంటిపేరుకి ఇవ్వదు. ఆ బొమ్మా వద్దు.

చివరగా షాపు పెట్టిన ఏబెల్ జాషువా హిగ్గిన్‌బోథమ్. టిక్కెట్టు లేకుండా ఓడెక్కి దొరికిపోతే మద్రాసులో దింపేశారని ఒక కథ ప్రచారంలో ఉంది. దాన్ని కథగానే చెప్పు, ‘అంటారు’ అన్న మాట వదలకు. మిషనరీల పుస్తకాల షాపులో పనిచేసి, వాళ్ళు అమ్మేస్తే కొనుక్కుని 1844లో తన పేరు పెట్టాడు. తర్వాత మద్రాసు షెరీఫ్ కూడా అయ్యాడు. ఇప్పుడున్న తెల్ల భవనం 1904 నాటిది, ఆయన పోయాక కట్టింది. 1921లో స్పెన్సర్స్ అనే మద్రాసు వ్యాపార సంస్థకి చెందిన జాన్ ఓక్‌షాట్ రాబిన్సన్ షాపును కొన్నాడు. అప్పటినుంచీ యజమానులు హిగ్గిన్‌బోథమ్‌లు కారు, బోర్డు మీద పేరే మిగిలింది. 1953 దాకా మద్రాసును రాజధానిగా చూసిన మన తెలుగువాళ్ళకీ, దక్షిణాది రైల్వే స్టేషన్లలో పత్రికలు కొనుక్కున్నవాళ్ళకీ ఇది ఒక కుటుంబం పేరని తట్టకపోవడంలో వింత లేదు. నీ వ్యాసం మొదలుపెట్టాల్సింది ఈ బోర్డు దగ్గరే, అక్కణ్ణుంచి వెనక్కి బోల్టన్‌కి వెళ్ళు.

అన్నట్టు ‘ఓక్‌షాట్’ కూడా ఊరి పేరే, హాంప్‌షైర్‌లో ఓక్ చెట్ల మూల. ఓక్ పల్లంవాళ్ళ షాపును ఓక్ మూలవాళ్ళు కొన్నారన్నమాట. ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పో, దానికి విధిలీల అని పేరు పెట్టకు. రెండో ప్రతి సంక్రాంతి లోపు పంపు, ఈసారి పేజీకి ఒకవైపే రాయి.

ఇట్లు,
మీ మాస్టారు